నొప్పి లేని చేతికి బెలూనా?

తెనాలిలో ఉండే మా బాబాయికి 64 ఏళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. పిల్లల పోరు పడలేక హెల్త్ చెకప్‌కి వెళ్తే అక్కడి నర్సు రెండు చేతులకూ బీపీ చూసింది. కుడి చేతికి పై అంకె 164, ఎడమ చేతికి 118. మిషను తప్పేమోనని మళ్లీ చూసింది, అదే తేడా. అక్కణ్ణుంచి డాప్లరు స్కాను, దాని వెనకే రక్తనాళాల సీటీ యాంజియో. ఎడమ చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని మొదట్లోనే 80 శాతం సన్నబడిందని తేలింది. బెలూన్ వేసి స్టెంటు పెట్టేస్తే సరి, మర్నాడే ఇంటికి పోవచ్చు అన్నారట.

ఫైలు మా ఇంటికొచ్చింది. నాన్న ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూసి రిటైరైన మనిషి. మావయ్య విజయవాడలో ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టు. రోజుకి రెండు మూడు బెలూన్లయినా వెయ్యనిదే ఆయనకి పొద్దుపోదు. ఈ బావాబావమరుదులు ఒక విషయం మీద మొదటి మాటలోనే ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఆదివారం జరిగిన వాదనలోంచి సినిమాలు, రాజకీయాలు తీసేసి మిగతాది ఇక్కడ పెడుతున్నాను.

నాన్న: ముందు వాడి చెయ్యి సంగతి చెప్పు. బకెట్టు ఎత్తితే లాగేస్తోందా?

మావయ్య: లేదట.

నాన్న: కళ్లు తిరగడం, తూలడం? వేళ్లు చల్లబడటం?

మావయ్య: అవేవీ లేవు. కానీ బావగారూ, 80 శాతం! ఫిల్ములో అంత స్పష్టంగా కనిపిస్తుంటే చేతులు ముడుచుకు కూర్చోమంటారా?

నాన్న: కనిపించిందల్లా బాగుచెయ్యాలని ఎక్కడ రాసుందోయ్? కాలి నాళం ఇంత సన్నబడితే మనిషి కాస్త దూరం నడిచేసరికి పిక్క పట్టుకుని కూలబడతాడు. చెయ్యి అలా కాదు. భుజం చుట్టూ, మెడలో, ఛాతీ గోడ మీద అడ్డదారులు బోలెడు. పెద్ద నాళం ఏళ్ల తరబడి మెల్లగా మూసుకుపోతుంటే ఈ చిన్నవి లావెక్కి ఆ పని అందుకుంటాయి. పైగా చేతి కండ ఎంత, తొడ కండ ఎంత? అందుకే ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి అది ఉన్న సంగతే తెలీదు. వేరే ఎందుకో డాక్టరు దగ్గరికొచ్చినప్పుడు ఇలా బీపీ తేడాలో బయటపడుతుంది.

మావయ్య: ఆ అడ్డదారుల్లో ఒకటి మెదడు మీదుగా వస్తుందని కూడా చెప్పండి మరి. ఎడమ సబ్‌క్లేవియన్ బృహద్ధమని వంపు నుంచి నేరుగా పుడుతుంది. కుడివైపు అలా కాదు, మెడకీ చేతికీ కలిపి ఒకటే నాళం వచ్చి తర్వాత చీలుతుంది. పూడిక ఎక్కువగా కనిపించేది ఎడమవైపే. కాస్త పైకొచ్చాక సబ్‌క్లేవియన్ నుంచి వెర్టిబ్రల్ ధమని చీలుతుంది. రెండువైపుల వెర్టిబ్రల్ ధమనులూ మెడ ఎముకల్లోంచి పైకెక్కి, పుర్రెలో కలిసి, మెదడు వెనక భాగానికి రక్తమిస్తాయి. ఆ చీలిక కన్నా ముందే దారి మూసుకుపోయిందనుకోండి. కాలువకి లాకు దించేస్తే కింది రైతు రాత్రికి రాత్రి పక్క చేను గట్టుకి గండి కొడతాడు చూడండి, చెయ్యి అదే పని చేస్తుంది. కుడివైపు నుంచి మెదడుకెక్కిన రక్తాన్ని ఎడమ వెర్టిబ్రల్ గుండా కిందికి లాక్కుంటుంది. 1960లో కొంటోర్ని అనే ఇటలీ డాక్టరు ఈ తిరుగుప్రవాహాన్ని ఫిల్ములో చూపించాడు. మరుసటి ఏడు అమెరికాలో రైవిచ్, ఆయన తోటివాళ్లు దీన్నీ మెదడు లక్షణాలనీ ముడిపెట్టారు. సబ్‌క్లేవియన్ స్టీల్ అన్న పేరు అప్పుడొచ్చిందే.

నాన్న: వెనక్కి పారినంత మాత్రాన మెదడు ఎండిపోదు. డాప్లర్‌లో తిరుగుప్రవాహం కనబడుతూ, ఏ బాధా లేకుండా తిరిగేవాళ్లని నేను చూశాను, నువ్వూ చూశావు.

మావయ్య: బాధ ఉన్నవాణ్ణీ చూశాను. గోడలకి రంగులేసే కుర్రాడు, ఎడమచేతి వాటం. నిచ్చెనెక్కి తలపైకి చెయ్యెత్తి బ్రష్షు ఆడిస్తే కాసేపటికి కళ్లు బైర్లు కమ్మేవి. చెవిలో తేడా అన్నారు, మెడ ఎముక అరిగిందన్నారు, పట్టీ కట్టారు, మాత్రలు మింగించారు. నేను రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకున్నాను. ఎడమ నాడి పీలగా ఉంది, కుడిదాని కన్నా రవ్వంత వెనకబడి కొడుతోంది. అంతే, దొరికిపోయింది. బెలూనేసి స్టెంటు పెట్టాను. మళ్లీ నిచ్చెనెక్కాడు.

నాన్న: అలాంటివాడికైతే నేనే నీ దగ్గరికి పంపిస్తాను. నిచ్చెన మీద కళ్లు తిరిగితే ప్రాణం పోతుంది. మా తమ్ముడు ఎక్కే నిచ్చెన ఏదీ? పొద్దున్నే పేపరు చదువుతాడు, సాయంత్రం గుడి దాకా నడుస్తాడు.

ఇంతలో అమ్మ వచ్చి కూర్చుంది. ఈ ఇద్దరూ మాట్లాడుకుంటున్న వస్తువేమిటో ఎవరైనా చెబుతారా అని అడిగింది. నాకూ అదే కావాలి.

అమ్మ: ఇంతకీ అందులో ఏం చేస్తారురా?

మావయ్య: గజ్జలోనో మణికట్టు దగ్గరో మత్తు సూదిచ్చి సన్న గొట్టం దూరుస్తామక్కా. మనిషి మెలకువగానే ఉంటాడు, మనతో మాట్లాడుతుంటాడు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం. తెర మీద చూస్తూ సన్నటి తీగని పూడిక దాటిస్తాం. కష్టమంతా అక్కడే. తీగ దాటిందంటే ముడిచిన బెలూన్ దాని మీదుగా వెళ్లిపోతుంది. గుండె నాళాలకి 3 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా ఉన్నవి వాడతాం. ఇక్కడ 7, 8 మిల్లీమీటర్లవి. అందులోకి గాలి ఎక్కించం, పగిలితే రక్తంలోకి పోతుంది. డై కలిపిన సెలైన్ ఎక్కిస్తాం. చేతిలో ఉన్న పిడి మర తిప్పుతుంటే డయల్ మీద ముల్లు కదులుతుంది. బెలూన్ నడుం దగ్గర నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది ముందు. ముల్లు పైకి పోతున్నకొద్దీ ఆ నొక్కు మొండికేసి మొండికేసి ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ టైములో నేను తెరనీ చూస్తాను, పేషెంటు మొహాన్నీ చూస్తాను. భుజంలో కాస్త నొప్పంటే ఫర్వాలేదు. తట్టుకోలేనంటే ఆపేస్తాను, గోడ చిరిగే దాకా వచ్చిందేమోనని. బెలూన్ తీశాక మణికట్టు పట్టుకుంటే అంతసేపూ దొరకని నాడి వేలికి తగులుతుంది చూడూ...

అమ్మ: మరి ఆ పూడిక ఎక్కడికి పోతుంది?

మావయ్య: ఎక్కడికీ పోదు. కొవ్వూ సున్నం పేరుకున్న పొర పగిలి గోడకి అదుముకుంటుంది, గోడ సాగుతుంది. మళ్లీ ముడుచుకోకుండా లోపల లోహపు అల్లిక గొట్టం పెడతాం. అదే స్టెంటు.

నాన్న: విన్నావా? తీసెయ్యడం లేదు, అణగదొక్కుతున్నారు. అణగదొక్కింది కొన్నాళ్లకి తిరిగి లేవొచ్చు. స్టెంటులోనూ పూడొచ్చు. మళ్లీ బెలూను. ఇది సంతకం పెట్టించుకునేముందు చెప్పాల్సిన మాట.

మావయ్య: నేను చెబుతాను బావగారూ. ఆపరేషన్ అయితే మాత్రం ఏం తక్కువ? మెడ ధమని నుంచి చేతి ధమనికి గొట్టం కుట్టే బైపాస్ ఉంది. ఎక్కువ కాలం నిలుస్తుంది, కాదనను. కానీ పూర్తి మత్తు, కాలరు ఎముక పైన కోత, అక్కడున్న నరాలకి దెబ్బ తగిలే భయం. మీరే చెప్పండి, 64 ఏళ్లవాడికి ఏది నయం?

నాన్న: రెండూ లేకపోవడం నయం.

మావయ్య: మీ వయసువాళ్లంతా ఇలాగే అన్నారు. 1964లో పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ ఒక 82 ఏళ్లావిడ కాలి నాళాన్ని గొట్టాలు దూర్చి తెరిచాడు. కాలు తీసెయ్యాలంటే ఆవిడ ఒప్పుకోలేదు, అందుకని ఆయన దగ్గరికి పంపారు. కాలు నిలిచింది. అయినా సర్జన్లు ఆయన్ని చాలాకాలం పిచ్చివాడి కిందే జమకట్టారు. తర్వాత జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ తన వంటింటి బల్ల మీద బెలూన్లు తయారుచేసుకుని 1974లో కాలికి, 1977లో గుండెకి వేశాడు. 1980 నాటికి చేతి నాళాలకీ వేశారు. భయపడి కూర్చుంటే ఇవేవీ వచ్చేవి కావు.

నాన్న: గ్రుంట్‌జిగ్ గుండెకి వేసింది ఎవరికి? గుండెనొప్పితో బాధపడుతున్న 38 ఏళ్లవాడికి. డాటర్ వేసింది కాలు కుళ్లుతున్న మనిషికి. ఇద్దరూ బాధ చూసి వేశారు. మీరు ఫిల్ము చూసి వేస్తున్నారు. సరే, సాక్ష్యం మాట్లాడుకుందాం. ఈ సబ్‌క్లేవియన్‌కి ఉత్త బెలూన్ మంచిదా, స్టెంటు మంచిదా తేల్చే పరీక్షలు ఏమున్నాయో, వైద్య సాక్ష్యాన్ని ఏరి బేరీజు వేసే కాక్రేన్ వాళ్లు వెతికి 2011లో రాశారు. చీటీలు వేసి రోగుల్ని రెండు జట్లుగా విడదీసి చూసిన పరీక్ష ఒక్కటీ దొరకలేదు. తర్వాత మళ్లీ వెతికారు, మళ్లీ అదే మాట. నీ చేతిలో ఏముందో నీకే సరిగ్గా తెలీనప్పుడు బాధ లేనివాణ్ణి బల్ల ఎక్కించడమేమిటి?

మావయ్య: ఆసుపత్రులు తమ తమ కేసులు రాసి పెట్టినవి బోలెడున్నాయి. సన్నబడిన నాళమైతే దాదాపు అందరిలోనూ తెరుచుకుంటోంది. అప్పటిదాకా లేని నాడి కొడుతుంటే దానికి చీటీలు వెయ్యాలా?

నాన్న: నాడి కొట్టడం నీకు ఆనందం. రోగికి ఏం ఒరిగింది? లండన్‌లో ఆర్బిటా అని ఒక పరీక్ష చేశారు, 2017. గుండె నాళంలో బ్లాకున్న 200 మందిలో కొందరికి స్టెంటు వేశారు, మిగతావాళ్లకి వేసినట్టు నటించారు. ఎవరికి వేశారో రోగికీ తెలీదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద ఎక్కిస్తే రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. నాళం తెరుచుకోవడం వేరు, మనిషి బాగుపడటం వేరు.

మావయ్య: సగం చెప్పి ఆపకండి. అదే జట్టు 2023లో ఆర్బిటా-2 చేసింది. గుండెనొప్పి మాత్రలు ఆపేసి, 301 మందితో, అదే నటనతో. స్టెంటు వేసినవాళ్లకి నొప్పి బాగా తగ్గింది.

నాన్న: నొప్పి ఉన్నవాళ్లకి తగ్గింది. నేను పొద్దుట్నుంచీ అంటున్నది అదేగా!

ఇక్కడ మావయ్య ఒక నిమిషం మాట్లాడలేదు. ఈయన తెలివైనవాడు, చేతికి పని దొరికితే ఆగలేడు, అంతే. బెలూన్లు, స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబులు ఇన్ని వచ్చాక ఊళ్లలో కొట్టుకుపోవాల్సిన ప్రాణాలు చాలా నిలబడ్డాయి, ఆ మాట నాన్న కూడా ఒప్పుకుంటాడు. కానీ ఒకసారి బల్ల సిద్ధమయ్యాక దాని మీద పడుకోబెట్టడానికి ఎవరో ఒకరు కావాలనిపించడం మొదలవుతుంది. నాకు భయం అక్కడే.

మావయ్య: బెలూన్ వేసేటప్పుడు ముక్క ఊడి మెదడుకెక్కి పక్షవాతం వస్తుందనే కదా మీ భయం? అది నూటికి ఒకరికో ఇద్దరికో వచ్చే ప్రమాదం, తీసిపారెయ్యను. కానీ ప్రకృతి ఒక మేలు చేసింది. నాళం తెరవగానే వెర్టిబ్రల్‌లో ప్రవాహం వెంటనే పైకి మళ్లదు. కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు, కిందికే పారుతూ ఉంటుంది. పగిలిన ముక్కేదైనా ఉంటే మెదడుకి ఎక్కకుండా చేతిలోకి దిగిపోతుంది.

నాన్న: వేళ్లలో ఇరుక్కున్నా ముక్క ముక్కేగా! డై వల్ల వాడి కిడ్నీల సంగతి, గజ్జలో గాయం సంగతి, ఆ తర్వాత మింగాల్సిన రెండు రకాల రక్తం పల్చబడే మాత్రల సంగతి వేరే. ఇంకో సంగతి. వాడిది నాళం మొదట్లో ఉంది కాబట్టి నువ్వు ధైర్యంగా మాట్లాడుతున్నావు. అదే కాస్త ముందుకెళ్లి కాలరు ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య ఉంటే స్టెంటు పెడతావా?

మావయ్య: పెట్టను. ఆ రెండు ఎముకలూ కలిసి దాన్ని నలిపేస్తాయి. అక్కడైతే ఎముక తీసే సర్జన్ దగ్గరికి పంపుతాను. ఇంత తెలుసు బావగారూ నాకు.

నాన్న: తెలుసనే వాదిస్తున్నాను. ఒంగోలు వైపు నుంచి కుట్టుపని చేసే అమ్మాయి వచ్చింది నా వార్డుకి, పాతికేళ్లు కూడా లేవు. మిషను తొక్కుతూ గుడ్డ పట్టుకుంటే చెయ్యి పీకేస్తోందంది. ఆరు నెలలుగా సన్నపాటి జ్వరం, బరువు తగ్గడం. రెండు చేతులకీ నాడి అందలేదు. ఎవరో అప్పటికే బెలూన్ వేయించుకోమని రాసిచ్చారు. ఒంట్లో వాపుని చెప్పే ఈఎస్ఆర్ చూస్తే ఆకాశంలో ఉంది. ఆ వయసు ఆడపిల్లకి కొవ్వు పూడికేమిటి? తకయాసు జబ్బు. 1908లో జపాన్‌లో ఆ పేరున్న కంటి డాక్టరు ఒక అమ్మాయి కంటిపొరలో నాళాలు వింతగా అల్లుకోవడం చూసి రాసిన జబ్బు. మన దేశంలో తక్కువేం కాదు, నలభై లోపు ఆడవాళ్లలోనే ఎక్కువ. పెద్ద ధమనుల గోడలు వాచి, మందమై, లోపలి దారి మూసుకుపోతుంది. స్టెరాయిడ్లు ఇచ్చి, వాపు తగ్గాక కదా బెలూన్ మాట! మండుతున్న గోడ మీద వేస్తే తిరిగి మూసుకుపోవడానికి ఎన్నాళ్లో పట్టదు.

మావయ్య: ఆ పిల్లకి నేనూ వేసేవాణ్ణి కాదు. వాపు తగ్గాక వేసినా ఆ గోడలు పీచుగట్టి ఉంటాయి, బెలూన్‌కి ఓ పట్టాన లొంగవు. మామూలు పూడికల కన్నా ఎక్కువగా మళ్లీ మూసుకుపోతాయి. ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నాదొకటి వినండి. బైపాస్ సర్జరీలో ఛాతీ లోపలి ధమనిని తీసుకొచ్చి గుండెకి కుడతారు. ఎడమవైపుది. అది ఎక్కడ పుడుతుంది?

నాన్న: ఎడమ సబ్‌క్లేవియన్‌లో.

మావయ్య: మరి దాని మొదట్లో మూసుకుపోతే? బైపాస్ అయి చాలా ఏళ్లు సుఖంగా ఉన్న మనిషి, ఎడమచేత్తో బిందె మోస్తే గుండెనొప్పి అన్నాడు. కుడిచేత్తో మోస్తే రాదు. చెయ్యి పనిచేసినప్పుడు గుండెకి పోవాల్సిన రక్తాన్ని అలా కుట్టిన ధమనిలోంచే, అంటే ఆ గ్రాఫ్ట్‌లోంచే, వెనక్కి లాక్కుంటోంది. ఇక్కడ బాధ చేతిలో లేదు, చేతి వల్ల ఉంది. బైపాస్‌కి పంపబోయే మనిషికి ఈ పూడిక ఉందని తెలిస్తే ముందే తెరవాలి కూడా, చేతికి ఏ బాధా లేకపోయినా. 2017 యూరప్ కార్డియాలజీ మార్గదర్శకాలు బాధ లేనివాళ్లలో ఎవరికి తెరవడం ఆలోచించాలో చెప్పాయి: ఇలా బైపాస్‌కి వెళ్లేవాళ్లు ఒకరు, ఆ చేతిలో డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపిన ఫిస్టులా ఉన్నవాళ్లు ఇంకొకరు. అందుకే, నొప్పి లేదు కాబట్టి వద్దన్న మీ సూత్రం అన్నిచోట్లా నిలవదు.

నాన్న: నిలవదు. (ఇది ఆయన నోటి నుంచి రావడం అరుదు కాబట్టి రాసుకున్నాను.) మా తమ్ముడికి బైపాస్ అయిందా? ఫిస్టులా ఉందా?

మావయ్య: లేదు. కానీ రేపు పూర్తిగా మూసుకుపోతే తీగ దాటదు. ఇప్పుడు తేలికైన పని అప్పుడు కష్టమవుతుంది.

నాన్న: పూర్తిగా మూసుకుపోయినా ఏమీ కానివాళ్లున్నారు. ఆ మాట వదిలేయ్. ఫైల్లో ఎకో రిపోర్టు చూశావా?

మావయ్య: గుండె పంపింగ్ బాగానే ఉంది.

నాన్న: కింద చదువు.

మావయ్య: ఎడమ జఠరిక గోడ మందంగా... ఓహో.

నాన్న: బీపీ లేనివాడి గుండె గోడ ఎందుకు మందంగా ఉంది? వాడు బ్యాంకులో కుడిచేత్తో సంతకాలు పెడుతూ, బీపీ చూసేవాడికి ఎడమ చెయ్యి చాపేవాడు. ఇంట్లో మిషను మీద కూడా ఎడమ చేతి బొమ్మే ఉంటుంది. ప్రతిసారీ 118, 120. "నాకు బీపీ లేదన్నయ్యా" అని నాతో గొప్పలు. ఆ 118 పూడిక దాటి వచ్చిన బీపీ. గుండెకీ మెదడుకీ కిడ్నీలకీ తగులుతున్నది 164. ఏళ్ల తరబడి మందు లేకుండా. వాడికి పక్షవాతం వస్తే ఈ చేతి పూడిక వల్ల కన్నా ఆ 164 వల్ల వచ్చే అవకాశమే ఎక్కువ. మీరంతా చేతిని చూశారు.

మావయ్య: సరే, బీపీకి మాత్రలు ఇద్దాం. ఇస్తే ఎడమవైపు ఒత్తిడి ఇంకా పడిపోతుంది. అప్పుడు చెయ్యి లాగడం, కళ్లు తిరగడం మొదలైతే?

నాన్న: అందుకే మెల్లగా దించుతాం. మొదలైతే నువ్వున్నావు, నీ బెలూనుంది. అప్పుడు నేను అడ్డుపడను. ఈ లోపు ఆస్పిరిన్, స్టాటిన్. ఒక చోట పూడిందంటే గుండెలో, మెడలో, కాళ్లలో కూడా పూడిక ఉండొచ్చు, అవి చూడాలి. సిగరెట్లు అసలు మానాలి, దొంగచాటుగా తాగేది కూడా.

మావయ్య: రెండు చేతుల మధ్య 15 దాటి తేడా ఉన్నవాళ్లకి గుండెజబ్బు మరణాలు ఎక్కువని 2012లో లాన్సెట్‌లో వచ్చింది. అది బెలూన్ వేసినా మారదు, ఆ మాట నిజమే. కానీ ఆర్నెల్లకోసారి డాప్లర్ నా దగ్గరే చేయించాలి.

నాన్న: చేయించుకో. డబ్బులు మాత్రం అడక్కు.

నా తీర్పు అడిగితే, ఈ కేసులో నాన్నదే పైచేయి. ఛాతీ గ్రాఫ్ట్ దగ్గర మాత్రం మావయ్య గెలిచాడు. అక్కడ నాన్న సూత్రం పట్టుకు వేలాడితే మనిషి పోయేవాడు. బాబాయి ఇప్పుడు బీపీకి రెండు మాత్రలు వేసుకుంటున్నాడు, స్టెంటు వెయ్యలేదు, కళ్లు తిరగడం లేదు.

ఇంట్లో బీపీ మిషను ఉన్నవాళ్లు ఇవాళే రెండు చేతులకూ చూసుకోండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, పట్టీ కట్టిన చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి. ఒకరోజు కాకపోతే రెండు మూడు రోజులు చూడండి. పై అంకెలో తేడా 15 దాటి, ఎప్పుడు చూసినా అలాగే ఉంటే డాక్టరుకి చూపించండి. డాక్టరు ఒకే చేతికి చూసి వదిలేస్తే రెండోది కూడా చూడమని అడగండి, మొహమాటపడకండి. ఎక్కువ వచ్చిన చేతి అంకే మీ బీపీ.